యాభై ఎనిమిదో సీనులో మైసమ్మ

తప్పు జరిగింది కొబ్బరికాయ దగ్గర. ఆ సంగతి సదయ్య తర్వాత చాలామందికి చెప్పుకున్నాడు. కొట్టమన్నారు, కొట్టాను, అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది అనేవాడు.

అది షూటింగు మొదటి రోజు. రామగిరి గుట్టలు కనబడే ఒక బీడు భూమిలో సినిమావాళ్లు బొగ్గుగని కట్టారు. గనిలోకి దిగే దారి, కొంత దూరం పట్టాలు, వాటి మీద బొగ్గు మోసే రెండు ఇనుప టబ్బులు, దీపాలిచ్చే గది, అన్నీ అచ్చం ఉన్నట్టే ఉన్నాయి. దిగే దారి పక్కన చిన్న గద్దె, గద్దె మీద నల్లటి రాయి. గని ఉన్నచోట మైసమ్మ ఉండాలి కదా. ఏ షిఫ్టువాడైనా ఆమెకు దండం పెట్టకుండా కిందికి దిగడు.

ఆ సినిమాకు కథ, మాటలు, స్క్రీన్‌ప్లే రాసింది సదయ్య కూతురు యమున. ఆమెకు అదే తొలి సినిమా. డైరెక్టర్ పృథ్వీరాజ్ కోస్తా నుంచి వచ్చినవాడు, మర్యాద తెలిసినవాడు. పొద్దున్నే సదయ్య దగ్గరికి వచ్చి, "సదయ్య గారూ, మొదటి కొబ్బరికాయ మీరే కొట్టాలి. ముప్పై నాలుగేళ్లు గనిలో చేశారు. మీకంటే పెద్దవాళ్లు ఇక్కడెవరున్నారు?" అన్నాడు.

సినిమావాళ్ల వాడుకలో అది ముహూర్తం కాయ. కొడతారు, హారతి తిప్పుతారు, చప్పట్లు చరిచి పనిలోకి దిగుతారు. సదయ్యకు అది తెలియదు. ఆయన తలస్నానం చేసి, ఏమీ తినకుండా వచ్చాడు. చెప్పులు దూరంగా విడిచాడు. రాయికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు కట్టి, నిమ్మకాయల దండ వేశాడు. చెంబుతో నీళ్లు ధారగా వదిలి సాకపోశాడు. పని చేసిన గని దగ్గర ఇరవై ఏళ్లపాటు మంగళవారం మంగళవారం ఎట్లా చేశాడో అట్లాగే చేశాడు. తర్వాత కళ్లు మూసుకుని, పక్కవాళ్లకు వినబడేటట్టే అన్నాడు.

"అమ్మా మైసమ్మా, నా బిడ్డ పని మొదలువెడుతున్నది. వచ్చి ఈడ కూసో. పని అయ్యేదాంక లేవకు."

కొబ్బరికాయ సమంగా రెండు చెక్కలైంది. అందరూ చప్పట్లు కొట్టారు. సదయ్య కళ్లు తుడుచుకున్నాడు.

యమున ఇంతదాకా ఎట్లా వచ్చిందో చెప్పాలంటే ఆమె చదివిన కాలేజీల పేర్లు చెబితే చాలదు. చార్జిషీట్ల దగ్గర మొదలుపెట్టాలి.

గనిలో పనిచేసేవాడు చెప్పకుండా ఎక్కువ రోజులు డ్యూటీకి రాకపోతే కంపెనీ చార్జిషీటు అని ఒక కాగితం ఇస్తుంది. ఎందుకు రాలేదో రాతపూర్వకంగా జవాబివ్వాలి. కాలనీలో రాయగలిగినవాళ్లు తక్కువ. రాసేవాళ్లు కూడా అందరికీ ఒకటే రాసేవాళ్లు: జ్వరం వచ్చినందున హాజరు కాలేకపోయాను, క్షమించగలరు. యమున తొమ్మిదో తరగతిలో ఉండగా, దస్తూరి బాగుంటుందని ఎల్లేశం తన కాగితం పట్టుకుని వచ్చాడు. ఎల్లేశం, సదయ్య ఒకే గ్యాంగు. గని పైకప్పుకు దిమ్మెలు ఆనించి నిలబెట్టే పని ఇద్దరిదీ.

"రాయి బిడ్డా, జ్వరమొచ్చింది అని," అన్నాడు ఎల్లేశం.

"ఏ రోజు వచ్చింది కాకా?"

"ఏదో ఒక రోజు రాయి."

"దవాఖానకు ఎవరు తోలుకపోయిండ్రు? ఆ రోజు ఇంట్ల ఏం వండిండ్రు?"

"చార్జిషీటు ఇచ్చింది కంపెనీయా, నువ్వా?"

యమున వదల్లేదు. అడగ్గా అడగ్గా నిజం బయటికి వచ్చింది. జ్వరం లేదు, ఏమీ లేదు. నెల కిందట ఎల్లేశం నిలబడ్డ చోటికి రెండడుగుల దూరంలో పైనుంచి బండ పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ మర్నాటి నుంచి అతను గనిలోకి దిగలేకపోయాడు. టిఫిను డబ్బా పట్టుకుని ఇంట్లోంచి బయల్దేరేవాడు, బస్టాండులో షిఫ్టు అయిపోయేదాకా కూర్చుని, అక్కడే తిని, ముఖం కడుక్కుని ఇంటికి పోయేవాడు. భార్యకు కూడా తెలియదు. యమున అదంతా అట్లాగే రాసింది. ఎల్లేశం చదివించుకుని, వద్దని చాలాసేపు బతిమాలి, చివరికి సంతకం పెట్టాడు. అది చదివిన ఆఫీసరు అతణ్ని పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి, చాయ్ తాగించి, గని పైన ఉండే పని ఇప్పించాడు.

ఇక ఆ తర్వాత చార్జిషీటు వచ్చినవాడల్లా సదయ్య ఇంటికే. సదయ్యకు భయం వేసేది. ఒకరి కడుపులో మాట ఇంకొకరు కాగితం మీద పెట్టడం మంచిదేనా అని ఆలోచించేవాడు. సాయంత్రం దీపం పెట్టి కూర్చుని ఒకరోజు అడిగాడు.

"బిడ్డా, అబద్ధాలు రాస్తలేవు గదా?"

"లేదు బాపూ. వాళ్లు మొదలు చెప్పేది అబద్ధం. ఆఖరికి చెప్పేది రాస్తున్న."

అది తప్పో ఒప్పో సదయ్యకు ఆనాడు తేలలేదు. కానీ ఆ మాట మనసులో కూర్చుంది.

గోదావరిఖనిలో డిగ్రీ అయింది. హైదరాబాదులో పీజీ అయింది. ఉద్యోగం చూసుకుంటుందని అనుకుంటే, సినిమాలకు రాస్తానంది. తల్లి అనసూర్య రెండు రోజులు అన్నం ముందు కూర్చుని తినలేదు. సదయ్య మాత్రం ఒక్క ప్రశ్న వేశాడు. "అది నేర్పేటోళ్లు ఉన్నరా?" ఉన్నారంది. "మల్ల పోయి నేర్చుకో" అన్నాడు.

నేర్చుకోవడమంటే ఒక పెద్ద రచయిత దగ్గర ఐదేళ్లు. సదయ్య ఒకసారి చూడ్డానికి వెళ్లాడు. ఆ గదిలో గోడ నిండా అట్టముక్కలు అంటించి ఉన్నాయి. ఒక్కో ముక్క మీద ఒక్కో సీను. యమున వాటిని పీకి, అటూ ఇటూ మార్చి అంటిస్తోంది. సదయ్య చేతులు వెనక్కి కట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూశాడు.

"నడుమ ఇదొక్కటి తీస్తే ఏమైతది?" అని ఒక ముక్క చూపించాడు.

"ఏం గాదు బాపూ."

"ఇది తీస్తే?"

"మొత్తం కూలుతది."

"ఏది తీయొచ్చో, ఏది తీయొద్దో ఎట్ల తెలుస్తది?"

"అదే నేర్చుకుంటున్న."

సదయ్య తల ఊపాడు. గనిలో బొగ్గు తీయడం అయిపోయాక దిమ్మెలు వెనక్కి లాగే పని ఆయనకు తెలుసు. ఏ దిమ్మె ముందు తీయాలో తెలియనివాణ్ని ఆ పనికి పంపరు. నా బిడ్డ కూడా అటువంటి పనే చేస్తోందని ఇంటికి వచ్చి అనసూర్యకు చెప్పాడు. అనసూర్య ఆ రోజు కడుపునిండా తిన్నది.

ఆ ఐదేళ్లలో యమున రాసిన మాటలు మూడు సినిమాల్లో వచ్చాయి, పేరు రాలేదు. ఒక సీరియల్లో పేరు వచ్చింది గానీ చీమల బారులా పైకి పాకిపోయేది. అనసూర్య ఫోను పట్టుకుని టీవీ ముందు నిలబడితే, ఫొటో తీసేలోపు సబ్బు ప్రకటన వచ్చేది.

అప్పుడు ఈ కథ రాసింది. మూసేసిన ఒక పాత గని కథ. రాయడానికి రెండేళ్లు, వినిపించడానికి ఇంకో రెండేళ్లు. విన్నవాళ్లంతా బాగుంది, చూద్దాం అన్నారు. పృథ్వీరాజ్ మాత్రం యాభై ఎనిమిదో సీను దగ్గర కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. ప్రొడ్యూసరు ఒప్పుకున్నదీ ఆ సీను చూసే. పాత గని మూతపడి, దాని జాగాలో, నేలంతా పైనుంచే తవ్వేసే ఓపెన్‌కాస్ట్ గని తవ్వడానికి వస్తారు. గని మైసమ్మ గద్దె అడ్డంగా ఉంటుంది. ఒక ముసలమ్మ అడ్డం నిలబడుతుంది. యంత్రం వచ్చి ఆమె కళ్లముందే గద్దెను తోసేస్తుంది. రాయి దుమ్ములో దొర్లిపోతుంది.

ఈ సీను సంగతి సదయ్యకు తెలియదు. కథ ఏమిటని ఆయన అడగలేదు. రాసేవాళ్లను మధ్యలో అడగకూడదని ఆయన అనుకున్నాడు. బాపుకు ఇవన్నీ ఏం పడతాయని ఆమె అనుకుంది.

మళ్లీ బీడు దగ్గరికి వస్తే, కొబ్బరికాయ కొట్టిన మర్నాడే సమ్మవ్వ బోనం తెచ్చింది. సమ్మవ్వ సదయ్య పనిచేసిన గని మీద ఊడ్చే పని చేసి రిటైరైన మనిషి. సినిమాలో జనంలో నిలబడటానికి వచ్చింది. సదయ్య పిలిస్తే మైసమ్మ రాకుండా ఉంటుందా అని ఆమె నమ్మకం. మూడోనాడు పది మంది వచ్చారు. నాలుగోనాడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చారు. మొక్కులు మొక్కారు, గాజులు పెట్టారు, ఒకామె చంటిపిల్లకు అక్కడే పుట్టువెంట్రుకలు తీయిస్తానంది. సినిమావాళ్లు ముచ్చటపడి అదంతా కెమెరాలో తీసుకున్నారు. సదయ్య రోజూ పొద్దున్నే వచ్చి దీపం పెట్టేవాడు. ఆయనకు ఒంటి నిండా సంతోషంగా ఉండేది. నడిచేటప్పుడు కండువా భుజం మీద సర్దుకోవడం ఎక్కువైంది.

ఆరోనాడు యాభై ఎనిమిదో సీను.

జేసీబీ నడపడానికి నస్పూర్ నుంచి కిషన్ అనే ఆపరేటరును మాట్లాడారు. అతను బండి తెచ్చి గద్దె ముందు నిలిపాడు. ఏం చేయాలో చెప్పారు. విన్నాడు. ఇంజను ఆపి తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"ఏమైంది కిషన్?" అన్నాడు పృథ్వీరాజ్.

"నాతోని గాదు సార్. ఆమె మీదికి నేను బండి తోల."

"అయ్యో, అది సెట్టు కదయ్యా."

"పొద్దుగాల నేను గూడ దండం పెట్టిన సార్."

జనంలో నిలబడటానికి వచ్చిన రిటైర్డు కార్మికులు ఒక్కొక్కరే కింద కూర్చున్నారు. ఎల్లేశం అందరికంటే ముందు కూర్చున్నాడు. ఆర్ట్ డైరెక్టర్ బాబూరావు పరుగెత్తుకుంటూ వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఆయనకు ఆయాసం వచ్చింది.

"అమ్మా, అది రాయి కాదండి. థర్మకోలు. నేనే కోశాను, నేనే పైన పూత పూశాను, నేనే నల్లరంగు వేశాను. చూడండి, నా గోళ్లలో ఇంకా ఆ రంగే ఉంది."

"నువ్వు చేసినవు, కాదంటలేం," అంది సమ్మవ్వ. "అండ్ల వచ్చి కూసున్నది ఎవరో చెప్పు."

"ఎవరూ కూర్చోలేదండి."

"పిలిచినోణ్ని అడుగు."

అందరూ సదయ్య వైపు చూశారు. సదయ్య నేల చూపులు చూశాడు. థర్మకోలు అన్న మాట ఆయన చెవిలో ఇంకా తిరుగుతోంది. ఆరు రోజులు పసుపు పూసిన చేతికి ఆ సంగతి ఎందుకు తెలియలేదు? మెల్లగా, భక్తిగా పూశాడు కాబట్టి తెలియలేదేమో.

పృథ్వీరాజ్ యమునను పక్కకు పిలిచాడు. సదయ్య కూడా వెంట వెళ్లాడు, ఎవరూ వద్దనలేదు.

"యమునా, రేపు సాయంత్రం అరుణకుమారి గారు వెళ్లిపోతారు, ముసలమ్మ వేషానికి ఆమె డేట్లు అంతవరకే. ఈ స్థలం కూడా రేపటివరకే మనది. ఆ ముసలమ్మ సీను లేకపోతే సినిమా లేదు, నీకు తెలుసు. హైదరాబాదులో ఒక పెద్ద రైటరుతో మాట్లాడాను. గద్దె తోసే పని లేకుండా ఇంకో సీను రాసి పంపిస్తానన్నాడు. కానీ స్క్రీన్‌ప్లే కింద ఆయన పేరు ముందు వేయాలట, నీది తర్వాత. నీకు చెప్పకుండా చేయడం నాకిష్టం లేదు."

యమున చేతి గడియారం చూసుకుంది. "నాకు మధ్యాహ్నం దాకా టైమివ్వండి సార్."

"రెండు గంటల వరకు. ఆ తర్వాత ఆయనకు సరే అని చెప్పాలి."

తొమ్మిదేళ్లు బిడ్డ ఎదురుచూసిన పేరు. దానికి అడ్డం పడింది ఇంకెవరో కాదు. తనే. తన చెంబు, తన పసుపు, తన పిలుపు.

ఆయన నేరుగా గద్దె దగ్గరికి వెళ్లాడు. జనం దారి ఇచ్చారు. మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో మైసమ్మను పట్టుకున్నాడు. నిజమే, ఏమీ బరువు లేదు. కొంచెం గట్టిగా పట్టుకుంటే లేచి వచ్చేటట్టుంది. "అమ్మా, పిల్లది ఆగమైతున్నది. నేను పిలిచిన, నేనే పొమ్మంటున్న. పోతవా?" అని మనసులో అడిగాడు. ఎండ కాస్తోంది. వేపమండలు కదల్లేదు. నిమ్మకాయ రాలలేదు. ఔనని గానీ కాదని గానీ ఆయనకు ఏమీ అనిపించలేదు.

లేచి యమున దగ్గరికి వచ్చాడు. ఆమె టబ్బు మీద కూర్చుని తెల్లకాగితం వైపు చూస్తోంది.

"బిడ్డా, నేనొక మాట చెప్త. అమ్మ గద్దె మీదికెళ్లి లేచి ఎల్లిపోయింది, నాకు చెప్పింది అని వాళ్లతోని అంట. నా మాట వింటరు. కిషన్ గూడ వింటడు. నీ సీను నీకుంటది."

"చెప్పిందా బాపూ?"

సదయ్య గద్దె వైపు తిరిగి చూశాడు.

"చెప్పకపోతే చెప్పిందని అనకు," అంది యమున. "ముప్పై ఏండ్ల సంది నీ మాట ఎందుకు వింటున్నరో, నా ఒక్క సీను కోసం అది పాడుచేసుకోకు."

ఆయన ఆమె పక్కనే టబ్బుకు ఆనుకుని నిలబడ్డాడు. దూరంగా బాబూరావు ఇంకా ఎవరికో రంగు గోళ్లు చూపిస్తున్నాడు.

"బాపూ," అంది యమున. "మన గని మూసినప్పుడు మైసమ్మను తీసింది ఏ మిషన్?"

"మిషనా? మిషన్ ఎందుకు తీస్తది?"

"నేను గట్లనే రాసిన."

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"ఎవ్వలు చెప్పలె. అప్పుడు నేను హాస్టల్ల ఉన్న. పేపర్ల ఫొటో వచ్చింది. అంత తవ్వేసిండ్రు, గద్దె లేదు. ఇగ గట్లనే అయ్యుంటది అనుకున్న."

సదయ్య ఆశ్చర్యంగా కూతురి ముఖంలోకి చూశాడు. "నన్నడగకపోతివి."

"నువ్వు చెప్పకపోతివి."

కాలనీలో అందరి కడుపులో మాటా అడిగి రాసిన పిల్ల, ఇంట్లో ఉన్న మనిషిని అడగలేదు. ఊరందరికీ మైసమ్మ కథలు చెప్పే మనిషి, ఇంట్లో పిల్లకు చెప్పలేదు. ఇద్దరికీ అది ఒకేసారి తెలిసింది. యమున పెన్ను తీసింది.

"చెప్పు. పొద్దున లేసిన కాడికెళ్లి చెప్పు."

"ఏం చెప్పాలె. ఆ రోజు నలుగురం పోయినం. నేను, ఎల్లేశం, ఇంకిద్దరు. కొత్త గంప తెచ్చినం. ఎర్రబట్ట పరిచినం. అమ్మా, జాగ మారుస్తున్నం, కోపం జేసుకోకు అని చెప్పినం."

"ఎవరు మోసిండ్రు?"

"ఆడిబిడ్డే మొయ్యాలె. సమ్మవ్వ మోసింది. ముంగట డప్పులు. నేను సాకపోసుకుంట నడిచిన. ఎనుకకు చూడద్దు, నడుమల దించద్దు."

"మిషన్ ఎక్కడున్నది అప్పుడు?"

"ఆడనే ఉన్నది. తవ్వుటానికి వచ్చి నిలబడ్డది. నడిపేటాయన ఇంజిను బందు జేసుకున్నడు. గంట సేపైంది మాకు, పాపం గట్లనే ఉన్నడు."

"ఆ నడిపేటాయన మనోడేనా?"

"మనోడు గాదు. ఏ రాష్ట్రమో, భాష గూడ రాదు. మేం గంప ఎత్తంగనే బండి దిగిండు. బూట్లు ఇప్పి పక్కకు వెట్టిండు. ఎవరు చెప్పలె ఆయనకు."

యమున పెన్ను ఆగింది. "దిగిండా?"

"దిగిండు. మేం కనవడకుండ పోయేదాంక ఉత్త కాళ్లతోని నిలబడ్డడు. తర్వాత ఎక్కి తవ్వుడు మొదలువెట్టిండు. ఆయన పని ఆయనది గదా."

యమున తల వంచింది. ఇక ఎత్తలేదు. సదయ్య ఎండ ఆమె కాగితం మీద పడకుండా కండువా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. చేతులు నొప్పి పుట్టాయి. ఆయన కదల్లేదు.

రెండు కాకముందే ఆమె అందరి ముందు సీను చదివింది. పృథ్వీరాజ్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నాడు.

"బాగుంది. కానీ గొడవేది? ఎవరూ ఎవరినీ ఆపడం లేదు."

"మిషన్ ఆగి ఉంటది సార్," అంది యమున. "ఎంతసేపు ఆగుతదో చూసేవాళ్లకు తెలవదు. ముసలమ్మ తొందరపడదు. ఆమె వెళ్లిపోయినాక మిషన్ కదులుతది. అప్పుడు గద్దెను తోస్తే తోసినట్టు. మైసమ్మ లేదు గదా అండ్ల."

పృథ్వీరాజ్ కాగితం తీసుకుని తనలో తాను ఇంకోసారి చదువుకున్నాడు. కిషన్ ముందుకు వచ్చాడు.

"అక్కా, ఇండ్ల నేను బండి దిగుతనా?"

"దిగుతవన్నా."

"చెప్పులు ఇప్పాల్నా?"

"నీ ఇష్టం."

"ఇప్పుత," అన్నాడు కిషన్. జేబులోంచి తాళంచెవి తీశాడు.

"తీసి చూద్దాం," అన్నాడు పృథ్వీరాజ్. "తీశాకే ఆయనకు ఫోను చేస్తాను."

ముసలమ్మ వేషం వేసే అరుణకుమారి పేరున్న నటి. మైసమ్మను కూర్చోబెట్టిన గంప ఎత్తి నెత్తిన పెట్టుకుని నడిచింది. నాలుగడుగులకే పృథ్వీరాజ్ ఆపేశాడు. అందరికీ అర్థమైంది. ఖాళీ గంప మోస్తున్నట్టే ఉంది. ఇసుక పోద్దామన్నాడు బాబూరావు. మైసమ్మ కింద ఇసుక పోస్తే ఎట్లా అని ఎల్లేశం కొట్లాటకు దిగాడు. అరుణకుమారి ఇద్దరినీ వదిలేసి సమ్మవ్వ దగ్గరికి వెళ్లింది.

"మీరే కదా మోసింది. బరువెంత ఉండేదమ్మా?"

"ఎవరికెర్క బిడ్డా. నెత్తి మీద బరువు నాకు యాదికి లేదు. నా పానమంత కాళ్లల్లనే ఉన్నది. గులకరాయి మీద అడుగు వడితె ఆమె కదులుతది. కదిలితె ఆమెకు నొస్తది. గంతే చూసుకుంట నడిచిన."

అరుణకుమారి చెప్పులు విడిచి ఆ దారి మీద ఒకసారి ఉత్తగా నడిచి వచ్చింది. తర్వాత గంప ఎత్తింది.

ఈసారి డప్పులు మొదలవగానే జనం వాళ్లంతట వాళ్లే లేచి నిలబడ్డారు. సాకపోసే మనిషి వేషానికి ఎవరో నటుడున్నాడు గానీ, చెంబు సదయ్య చేతిలోకి వచ్చింది. ఎట్లా వచ్చిందో ఆయనకే తెలియదు. ఆయన ముందు నీళ్లు పోస్తూ నడిచాడు. వెనుక ఆ నటి ఒక్కో అడుగు చూసి వేస్తోంది. ఆమె మెడ నరాలు బిగుసుకున్నాయి. కిషన్ బండి దిగి, చెప్పులు విడిచి, చేతులు కట్టుకున్నాడు.

"కట్, ఓకే," అని పృథ్వీరాజ్ గొంతు వినబడింది.

ఎవరూ ఆగలేదు. నడుమ దించకూడదు కదా. సదయ్య నీళ్లు పోస్తూనే ఉన్నాడు, డప్పులు మోగుతూనే ఉన్నాయి. సినిమా కోసం నడవడం ఎక్కడ ఆగిందో, ఉత్త నడక ఎక్కడ మొదలైందో సదయ్యకు తెలియలేదు. అరుణకుమారి కూడా గంప దించలేదు. వెనక్కి చూడకూడదు కాబట్టి ఏం జరుగుతోందో ఆయన చూడలేదు గానీ, పృథ్వీరాజ్ కెమెరావాళ్లను కేకలు వేస్తూ తమ వెంట పరుగెత్తించడం వినబడింది.

బీడు చివర, కాలువ కట్ట మీద చదునుగా ఉన్న చోట మైసమ్మను దించారు. నాలుగు రాళ్లు పేర్చి కూర్చోబెట్టారు. అరుణకుమారి పక్కనే కూలబడి మోకాళ్లు పట్టుకుంది. బాబూరావు చేతులు నడుముకు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"వానకు ఆగదండి ఇది. సిమెంటు పూత వేయాలి," అన్నాడు. ఇంకెవరికీ పురమాయించకుండా తానే వెళ్లి తట్టలో సిమెంటు కలుపుకుని వచ్చి, చెప్పులు విడిచి పని మొదలుపెట్టాడు.

లోపల ఉన్నది థర్మకోలే. అది సదయ్యకు ఇప్పుడు చేతులతో తెలుసు. అందులోకి ఆమె వచ్చిందా, వచ్చి ఈ కట్టదాకా తమతో నడిచిందా అంటే, ఆయన ఖాయంగా చెప్పలేడు. రాలేదని కూడా చెప్పలేడు. గనిలో ఉన్న అసలు రాయి విషయంలో మాత్రం ఎవరు చెప్పగలిగారు? దండం పెట్టి దిగారు, పైకి వచ్చారు. అంతే తెలుసు.

కొంచెం దూరంలో పృథ్వీరాజ్ ఫోను మాట్లాడుతున్నాడు. సదయ్య కండువా దులుపుకునే నెపంతో అటు జరిగాడు.

"లేదు సార్, అవసరం లేదు. మా రైటర్ రాసింది. ... అవును, ఒక్క పేరే. ఒక్క పేరే వేస్తున్నాం."

సదయ్య కండువాను మళ్లీ దులిపాడు. అందులో దుమ్ము ఏమీ లేదు. ఎల్లేశం వచ్చి, "ఏంది సదన్నా, నవ్వుతున్నవు?" అన్నాడు.

"నవ్వుతలేను."

"మల్ల గా పండ్లెందుకు కనవడుతున్నయి?"

యమున కాగితాలు పట్టుకుని కాలువ కట్ట ఎక్కి వచ్చింది. చెంపకు సిరా మరక అంటుకుని ఉంది. తండ్రి పక్కన గడ్డి మీద కూర్చుంది.

"బాపూ, అమ్మను కూసోవెట్టినంక ఏం జేస్తరు?"

"ఏం జెయ్యం. దండం వెట్టి డ్యూటీకి పోతం."

ఆమె ఆ మాటను ఉన్నది ఉన్నట్టుగా రాసుకుంది. తర్వాత లేచి మైసమ్మకు దండం పెట్టి, రేపు తీయాల్సిన యాభై తొమ్మిదో సీను కాగితాలు తీసుకుని పృథ్వీరాజ్ దగ్గరికి వెళ్లింది.